పచ్చగా వెలిగినంత మాత్రాన

మైక్రోస్కోపు కింద ఏదైనా వెలిగితే చాలు, జనం నమ్మేస్తారు. డాక్టర్లూ నమ్మేస్తారు. నల్లటి తెర మీద పసుపుపచ్చ గీత కనిపిస్తే క్షయ అంటారు, నీలం ఉండ కనిపిస్తే కేంద్రకం అంటారు, ఎరుపూ ఆకుపచ్చా కలిసి పసుపు కనిపిస్తే రెండు ప్రొటీన్లు ఒకేచోట ఉన్నాయంటారు. నేను చాలా ఏళ్ళుగా మైక్రోబయాలజీ చెబుతున్నాను. రోజూ కాసేపు చీకటి గదిలో కూర్చుని ఇలాంటి స్లైడులు చూడడం నా ఉద్యోగంలో భాగం. చూసేకొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఫ్లోరసెంట్ రంగు మనకు చెప్పేది ఒక్క సంగతే, "నేనిక్కడ అంటుకున్నాను" అని. దేన్ని అంటుకుంది, ఎందుకు అంటుకుంది, ఇంకా వేటిని అంటుకోగలదు అన్నది చూసే మనిషికి తెలిసి ఉండాలి. ఆ మనిషి మీద పెట్టాల్సిన డబ్బూ శ్రద్ధా మనం యంత్రం మీద పెడుతున్నాం. నా గొడవంతా అక్కడే.

అసలు ఈ రంగుల్లో చాలావాటిని కణాల కోసం ఎవరూ తయారుచెయ్యలేదు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ బొగ్గు తారు సరుకుతో మలేరియా మందు క్వినైన్ చెయ్యబోతే ఊదా రంగు వచ్చింది. బట్టలకు వేసే కృత్రిమ రంగుల పరిశ్రమ దాంతో మొదలై, కొన్నేళ్ళకే జర్మనీ చేతిలోకి పోయింది. 1871లో అడాల్ఫ్ బేయర్ ఫ్లోరెసీన్ చేశాడు. ఆరమిన్, రోడమిన్ 1880ల్లో వచ్చాయి, నూలుకూ కాగితానికీ తోలుకూ వెయ్యడానికి. పెర్కిన్ చెయ్యలేకపోయిన ఆ క్వినైన్‌కు ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. అతనికి నాలుగేళ్ళ ముందు, 1852లో, జార్జ్ స్టోక్స్ ఈ వెలుగు గుట్టు తేల్చింది క్వినైన్ ద్రావణంతోనే.

స్టోక్స్ చెప్పింది ఇది: కొన్ని పదార్థాలు అతినీలలోహిత కాంతినో నీలం కాంతినో మింగి, అందులో కొంత శక్తి పోగొట్టుకుని, మిగిలినదాన్ని ఇంకాస్త పొడవైన తరంగాలుగా బయటికి వదులుతాయి. నీలం మింగి ఆకుపచ్చ, ఆకుపచ్చ మింగి ఎరుపు. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు నడిచేది ఈ తేడా మీదే. దీపం కాంతిలోంచి నీలాన్ని ఒక ఫిల్టరు ఎంచి పంపుతుంది. వాలుగా పెట్టిన అద్దం దాన్ని స్లైడు మీదికి మళ్ళిస్తుంది. తిరిగొచ్చే వెలుగులో నీలాన్ని పూర్తిగా మరో ఫిల్టరు ఆపేస్తుంది. కంటికి చేరేది రంగు వదిలిన కాంతి ఒక్కటే. అందుకే అంత నలుపు, ఆ నలుపులో అంత స్పష్టత.

కానీ ఆ నలుపుకు మనం కట్టే మూల్యం ఒకటుంది. రంగు అంటుకోనిదేదీ అక్కడ లేనట్టే లెక్క. మామూలు మైక్రోస్కోపులో అనుమానం వస్తే చుట్టుపక్కల చూసి తేల్చుకోవచ్చు: ఇది చీముకణం, ఇది నోటిలోంచి వచ్చిన పొర, ఇది దుమ్ము. ఇక్కడ చుట్టుపక్కల అంటూ ఏమీ ఉండదు. సాక్షి ఒక్కడే, వాడికి తెలిసిన మాటా ఒక్కటే.

రోడమిన్-బి పేరు మీరు పేపర్లో చదివే ఉంటారు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది అందులో ఈ రంగు దొరికినందుకే. టీబీ స్లైడులకు కొన్నిచోట్ల ఆరమిన్‌తో కలిపి వాడే రంగు ఇది. ఆరమిన్ కూడా మన దేశంలో తిండిలో కలపకూడని రంగే. మేం గ్లవ్స్ లేకుండా ముట్టుకోం, బయట మిఠాయిల్లో మాత్రం దొంగచాటుగా దొరుకుతూ ఉంటుంది. సరే, ఇది పక్క సంగతి.

ఆరమిన్ గురించి కొంచెం తీరుబడిగా చెప్పాలి. మన ప్రభుత్వాసుపత్రుల్లో మామూలు మనిషికి పనికొచ్చిన ఫ్లోరసెంట్ రంగు ఏది అంటే నేను ముందు దీని పేరే చెబుతాను. క్షయ క్రిమి గోడలో మైకోలిక్ ఆమ్లాలని మైనం లాంటి కొవ్వులుంటాయి. రంగు ఒకసారి అందులోకి వెళ్ళిందంటే యాసిడ్ పోసి కడిగినా వదలదు. తెమడలో ఉండే మిగతా బాక్టీరియా, కణాలు ఆ కడుగుడుకే రంగు పోగొట్టుకుంటాయి. టీబీ స్లైడులకు పాతనుంచీ వాడే జీల్-నీల్సన్ పద్ధతిలో కిటుకూ ఇదే. అక్కడ ఎర్రటి కార్బల్ ఫుక్సిన్‌ను వేడిచేసి ఎక్కిస్తారు. 1930ల చివర్లో హాగెమన్ అనే జర్మన్ పరిశోధకుడు ఫుక్సిన్ బదులు ఆరమిన్ వాడి చూపించాడు. దీనికి వేడి అక్కర్లేదు. పైగా ఆరమిన్‌కు ఒక చక్కటి గుణం ఉంది. నీళ్ళలో విడిగా తిరుగుతున్నప్పుడు అది దాదాపుగా వెలగదు. అణువు మెలికలు తిరుగుతూ, మింగిన శక్తినంతా ఆ తిరుగుడులోనే ఖర్చుచేసేస్తుంది. ఎక్కడైనా ఇరుక్కుని కదల్లేకపోతే అప్పుడు వెలుగుతుంది. అంటే వెలుగు కూడా రంగు ఉందని మాత్రమే కాదు, ఎక్కడో బిగుసుకుపోయి ఉందని చెబుతోందన్నమాట. ఎక్కడ అన్నది మాత్రం చెప్పదు.

ఈ పద్ధతి చాలాకాలం పెద్ద ఆసుపత్రులకే పరిమితమైంది, కారణం దీపం. పాదరస దీపాలు ఖరీదు, వేడి, కొన్ని వందల గంటలకే మార్చాలి. నీలం ఎల్‌ఈడీలు వచ్చాక ఆ బాధ పోయింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీల్-నీల్సన్ బదులు ఎల్‌ఈడీ ఫ్లోరసెన్స్‌కు మారమని సిఫారసు చేసింది. లాభం కంటికి కనిపించేదే. పాత పద్ధతిలో నూనె చుక్క వేసి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడాలి. ఇక్కడ రెండు వందలు, నాలుగు వందల రెట్లు చాలు. ఒక్కో ఫీల్డులో ఎక్కువ స్థలం కనిపిస్తుంది, స్లైడు తొందరగా అయిపోతుంది, పాత పద్ధతికి దొరకని కేసులు కూడా కొన్ని దొరుకుతాయి. రోజుకు పదుల కొద్దీ స్లైడులు చూసే టెక్నీషియన్ కళ్ళకు ఇది ఎంత ఉపశమనమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడొస్తుందంటే, చూడడం తేలికైంది కాబట్టి ఎవరైనా చూడొచ్చు అనుకోవడంలో. స్లైడు కడిగే కుళాయి నీళ్ళలోనే మైకోబాక్టీరియా ఉండొచ్చు. మనుషుల్లో టీబీ తెచ్చే రకం కాదు, ట్యాంకుల్లో పైపుల్లో బతికే రకం. వాటి గోడలోనూ అదే మైనం, అవీ అంతే పచ్చగా వెలుగుతాయి. ట్యాంకు కడిగించకపోతే ఊళ్ళో ఒక్కసారిగా టీబీ పెరిగినట్టు కనిపిస్తుంది. చివర్లో పోసే పొటాషియం పర్మాంగనేట్ వెనక వెలుగును అణచడానికి. నిమిషం దాటి మరిచిపోతే క్రిములనూ అణిచేస్తుంది, ఉన్న టీబీ లేదని రిపోర్టు వెళ్తుంది. రంగు వేసిన స్లైడు వెలుతురులో పెడితే వాడిపోతుంది. జీల్-నీల్సన్ స్లైడును వారాల తర్వాత తీసి మళ్ళీ చూసి, చదివినవాళ్ళు సరిగ్గా చదివారా అని తనిఖీ చెయ్యొచ్చు. ఆరమిన్ స్లైడు అంతకాలం ఆగదు, తనిఖీకి ముందు మళ్ళీ రంగు వెయ్యాల్సి రావచ్చు. వీటిలో ఏ ఒక్కటీ మైక్రోస్కోపు కంపెనీ ఇచ్చే రంగురంగుల బ్రోషర్‌లో ఉండదు.

మా టెక్నీషియన్ గారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, "చూడండి మేడం, ఒకటే ఉంది. ఉండడమైతే ఉంది గానీ వాలకం బాలేదు" అన్నారు. చూశాను. పొడవు సరిపోయింది, రంగు సరిపోయింది, బాగానే వెలుగుతోంది.

"వాలకం బాలేదంటే ఏంటండీ?"

"మరీ నిటారుగా ఉంది మేడం. అంచులు కూడా తెగ్గోసినట్టున్నాయి. మన క్రిమి ఇంత క్రమశిక్షణగా ఉండదు."

ఒకటీ రెండూ కనిపించినప్పుడు పాజిటివ్ అని రాసెయ్యకూడదన్నది పద్ధతి. మళ్ళీ తెమడ తెప్పించి ఇంకో స్మియర్ (తెమడ పూసిన స్లైడు) చెయ్యాలి, ఇంకొకరు చూడాలి. తెప్పించాం, ఏమీ లేదు. క్రిమిని పెంచి చూసే కల్చర్‌లోనూ రాలేదు. ఆ రోగి నెలల తరబడి మందులు మింగకుండా తప్పించింది "వాలకం" అనే ఆ మాట. దాన్ని ఏ ఫిల్టరూ ఇవ్వదు, వేల స్లైడులు చూసిన కళ్ళే ఇస్తాయి.

ఇప్పుడు క్రిమి డీఎన్‌ఏను వెతికే ట్రూనాట్ లాంటి మాలిక్యులర్ పరీక్షలు వచ్చాయి కదా, ఇంకా ఈ రంగులు, చీకటి గదులు ఎందుకని మా కుర్ర డాక్టర్లు అడుగుతుంటారు. మొదటి నిర్ధారణకు అవే మేలు, అందులో వాదన లేదు. తక్కువ క్రిములున్నా పట్టుకుంటాయి, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. కానీ చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా డీఎన్‌ఏనే. మందులు పనిచేస్తున్న రోగిలో కూడా ఆ పరీక్ష చాలాకాలం పాజిటివ్ చూపించగలదు. అందుకే చికిత్స మధ్యలో, చివర్లో ఫాలో-అప్‌కు ఇప్పటికీ స్మియర్ కావాలి. నిజం చెప్పాలంటే ఆరమిన్‌కు కూడా చచ్చినదానికీ బతికినదానికీ తేడా తెలియదు, మైనం గోడ నిలిచి ఉంటే చాలు దానికి. ఆ తేడా చెప్పే రంగు వేరే ఉంది, ఫ్లోరెసీన్ డైఅసిటేట్. తనంతట తాను వెలగదు. బతికున్న కణంలోని ఎంజైములు దాన్ని కోస్తేనే ఫ్లోరెసీన్ విడుదలై వెలుగుతుంది. ఒక రంగు అడిగే ప్రశ్నే ఇంకో రంగు అడగదని చెప్పడానికి ఈ జంటకు మించిన ఉదాహరణ నాకు తట్టదు.

కంటి సంగతికి వద్దాం. కోతల్లో, నూర్పిళ్ళలో వడ్ల నలుసో ఆకు అంచో తగిలి నల్లగుడ్డు మీద గీసుకుపోతుంది. పల్లెలో ఎవరో చుక్కల మందు పోస్తారు. వారం తిరిగేసరికి తెల్లటి పుండు. మన దగ్గర ఇలాంటి పుళ్ళలో చాలావాటికి కారణం బూజు, అంటే ఫంగస్; ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ లాంటివి. ఫంగస్ అని తెలియక స్టెరాయిడ్ చుక్కలు పోస్తే కన్ను పోయే ప్రమాదం. కల్చర్ వచ్చేదాకా రోజుల తరబడి ఆగలేం. అందుకని పుండు మీద గీకి తీసిన పొరను స్లైడు మీద పెట్టి, కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్)తో పాటు కాల్కోఫ్లోర్ వైట్ చుక్క వేసి, అతినీలలోహిత కాంతిలో చూస్తారు. ఫంగస్ గోడలోని కైటిన్‌కు ఈ రంగు అంటుకుని, దారాలన్నీ నీలితెలుపుగా వెలుగుతాయి. నిమిషాల్లో జవాబు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఈ పద్ధతిని రోజువారీ పనిగా చేసి ఫలితాలు ప్రచురించారు. మన ప్రాంతం రైతుల కళ్ళతో తేలిన విద్య అది.

అయితే కాల్కోఫ్లోర్ పుట్టింది దేనికి? బట్టలు తెల్లగా మెరవడానికి. ఇప్పటి సబ్బుపొడుల్లో ఉండే మెరుపుమందుల కుటుంబమే. నూలుకు అంటుకోవడమే దాని వృత్తి. నూలు అంటే సెల్యులోజ్, ఫంగస్ గోడ అంటే కైటిన్. రసాయనంగా రెండూ దగ్గరి చుట్టాలు. కంటిని దూదితో తుడిచి ఆ తర్వాత పొర గీకితే, స్లైడు మీద దూది పోగులు ఫంగస్ కన్నా బాగా వెలుగుతాయి. కంట్లో పడ్డ ఆకు ముక్కా వెలుగుతుంది. అకాంతమీబా అనే ఇంకో క్రిమి గుళికలు కూడా వెలుగుతాయి, దానికి మందులే వేరు. దూది పోగు వెడల్పుగా, చదునుగా, మెలితిరిగి ఉంటుంది. ఫంగస్ దారం సన్నగా, మధ్యమధ్య అడ్డుగోడలతో, కొమ్మలు వేసి ఉంటుంది. ఈ తేడా చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కంటికి అలవాటు కావాలంటే మాత్రం ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి.

కాల్కోఫ్లోర్ తయారుచేసి అమ్మిన కంపెనీ అమెరికన్ సయనమిడ్. ఆ పేరు వింటే తెలుగువాళ్ళకు ఇంకో పేరు గుర్తుకు రావాలి. ఆ సంస్థలో భాగమైన లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో పరిశోధనలకు అధిపతిగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. 1948లో అది బయటికొచ్చింది, ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. ఆ తర్వాతి దశాబ్దంలో తెలిసింది, ఈ మందులు కొత్తగా ఏర్పడుతున్న ఎముకలో కాల్షియాన్ని పట్టుకుని ఉండిపోతాయని, అతినీలలోహిత కాంతిలో పసుపుగా వెలుగుతాయని. చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వొద్దనడానికి, పళ్ళు పసుపెక్కడానికి కారణం ఈ పట్టుకునే గుణమే. అదే గుణాన్ని ఎముకల డాక్టర్లు కొలబద్దగా మార్చుకున్నారు. రోగికి కొన్ని రోజులు మందు ఇచ్చి, కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ ఇచ్చి, అప్పుడు ఎముక ముక్క తీసి చూస్తే రెండు పసుపు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. మందు, రంగు, కొలత అన్నీ ఒకే అణువు. ఇది నాకు ఎంత ఇష్టమైన కథంటే, సందర్భం ఉన్నా లేకపోయినా క్లాసులో చెప్పేస్తాను.

కణంలో కేంద్రకాన్ని నీలంగా చూపించే డాపీ కూడా ఇలాంటిదే. 1971లో జర్మనీలో ఒట్టో డాన్ బృందం దాన్ని తయారుచేసింది ఆఫ్రికాలో నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమ్ జాతి క్రిములకు మందు వెతుకుతూ. మందుగా నిలబడలేదు, డీఎన్‌ఏను పట్టుకుని వెలగడం మాత్రం నిలబడింది. కణాల అస్థిపంజరాన్ని చూపించే ఫాలోయిడిన్ అయితే ఒక విషపు పుట్టగొడుగులోంచి వచ్చింది.

"ఎక్కడ అంటుకుంటుందో మన చేతిలో లేదు" అన్న బాధకు జవాబు వెతికినవాడు హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్. 1941లో ఆయన చేసిన ఆలోచన ఇదీ: అంటుకునే పని యాంటీబాడీకి (పరాయి పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్‌కు) ఇద్దాం, వెలిగే పని రంగుకు ఇద్దాం, రెంటినీ రసాయనంగా ముడేద్దాం. రేబీస్ అనుమానంతో చనిపోయిన కుక్క మెదడులో వైరస్ ఉందో లేదో దశాబ్దాలుగా ఈ పద్ధతితోనే తేలుస్తున్నారు. కిడ్నీ జబ్బుల్లో ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకునే జబ్బు) అనేది ఉందని 1968లో పారిస్‌లో బెర్జే, ఆంగ్లే చెప్పగలిగింది కూడా దీనితోనే. మామూలు రంగులతో ఎంత చూసినా ఆ జబ్బును ఖాయం చెయ్యలేం.

ఇంత సూటి పద్ధతి కూడా మనిషి చెయ్యి దాటి పోలేదు. ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు, అంటే ఈ యాంటీబాడీ పద్ధతికి, పంపే బయాప్సీని ఫార్మలిన్‌లో వెయ్యకూడదు. సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డలోనో, దానికోసమే ఉన్న మిషెల్ ద్రావణంలోనో పంపాలి. ఎక్కడో జిల్లా నుంచి వచ్చిన బయాప్సీ, అందులో సూది గుచ్చి తీసిన రెండు ముక్కలు, రెండూ ఒకే ఫార్మలిన్ సీసాలో. ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ కుటుంబం చేసిన ఖర్చు, ఆ మనిషి పడ్డ నొప్పి సగానికి సగం వృథా. పైగా ఫార్మలిన్ తగిలిన కణజాలం ఏ రంగూ వెయ్యకపోయినా తనంతట తానే కాస్త వెలుగుతుంది. ఎర్రకణాలు, సాగే నారలు, ముసలి కణాల్లో పేరుకునే లైపోఫస్కిన్ కూడా అంతే. అందుకే రంగు వెయ్యని ముక్క ఒకటి, అసలు యాంటీబాడీ లేకుండా, దాన్ని పట్టుకునే రంగు కట్టిన రెండో యాంటీబాడీ మాత్రమే వేసిన ముక్క ఒకటి పక్కన పెట్టి చూడాలి. వీటినే మేం కంట్రోల్స్ అంటాం. బడ్జెట్ తగ్గితే మొట్టమొదట ఎగిరిపోయేవి ఇవే. "రిపోర్టు రానిదానికి రియేజెంటు ఎందుకు దండగ" అన్న మాట నేను స్వయంగా విన్నాను.

పత్రికల్లో వచ్చే అందమైన కణాల బొమ్మల గురించి ఒక్క ముక్క. ఆ కెమెరాలు చాలావరకు నలుపు-తెలుపువే. ఒక్కో ఫిల్టరుతో ఒక్కో బొమ్మ తీసి, ఏ బొమ్మకు ఏ రంగు వెయ్యాలో కంప్యూటరులో మనిషే ఎంచుతాడు. వెలుగు ఎంత ఉంటే "ఉంది" అనాలో, ఎంతకు దిగితే "లేదు" అనాలో కూడా అక్కడే తేలుతుంది. తప్పని నేననను. ఆ గీత ఎక్కడ గీశారో చెప్పకుండా బొమ్మ ఒక్కటే చూపించి ఒప్పుకోమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఒక రంగు వెలుగు పక్క రంగు ఫిల్టరులోకి కారిపోవడం సర్వసాధారణం. ఆ కారుడును చూసి "రెండు ప్రొటీన్లు కలిసే ఉన్నాయి" అని థీసిస్ రాసుకొచ్చిన పిల్లలను వైవాలో ఒక్క ప్రశ్నే అడుగుతాను: ఆకుపచ్చ రంగు ఒక్కటే వేసిన స్లైడు ఎర్ర ఫిల్టరులో చూశావా? చాలామంది చూసి ఉండరు. వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. మిషన్ బుక్ చేసుకోవడం, గంటకు ఎంత కట్టాలన్నది మాత్రం తెలుసు.

కాన్ఫోకల్ అనే ఖరీదైన ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కొనొద్దని నేననడం లేదు. కోట్లు పెట్టి కొన్నది, ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించినది, ఫిల్టరుకు బూజు పట్టి మూలపడి ఉంటే చూసినదాన్ని కాబట్టి అడుగుతున్నాను. ఆ డబ్బులో నూరో వంతు టెక్నీషియన్ల శిక్షణకు, కంట్రోల్ స్లైడులకు, కడిగే నీళ్ళకు ఎందుకు కేటాయించరు? ప్రతి టీబీ స్లైడు రిపోర్టు మీద ఆ రోజు పాజిటివ్, నెగెటివ్ కంట్రోల్స్ ఎలా వచ్చాయో ఒక వరుస ఎందుకు ఉండదు? ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) విద్యార్థి ప్రాక్టికల్ పరీక్షలో ఎప్పుడూ క్రిమి ఉన్న స్లైడే ఎందుకు పెడతాం, దూది పోగు ఉన్న స్లైడు ఎందుకు పెట్టం? వెలిగినదాన్ని చూసి "ఇది కాదు" అని చెప్పగలిగినవాడికి ఎక్కువ మార్కులు వెయ్యాలి నా లెక్కలో.

కంప్యూటరే స్లైడులు చదివి పెడుతుంది, మీకెందుకీ తంటా అని ఈమధ్య సేల్స్ కుర్రాళ్ళు వస్తున్నారు. చదవనివ్వండి, అలసిపోని కన్ను మంచిదే. అది నేర్చుకున్న స్లైడులకు "ఇది క్రిమి, ఇది చెత్త" అని మొదట గుర్తు పెట్టింది ఎవరు అని అడిగితే మాత్రం వాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

మా టెక్నీషియన్ గారు వచ్చే ఏడాది రిటైరవుతారు. ఆ పోస్టు మళ్ళీ నింపరని, ఔట్‌సోర్సింగ్‌లో ఎవరినో ఇస్తారని అంటున్నారు. కొత్త ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుకు ఇండెంటు పెట్టమంటే పెట్టాను. దాంతోపాటు, ఆయన వెళ్ళేలోపు ఇద్దరు కొత్తవాళ్ళను ఆయన పక్కన ఆరు నెలలు కూర్చోబెట్టమని వేరే కాగితం కూడా పెట్టాను. మైక్రోస్కోపు మంజూరైందని నిన్న ఉత్తరం వచ్చింది.